ఇన్‌స్టంట్ కాఫీకి రెండో డికాషన్

ఇంగ్లీషువాళ్ళు ఇంట్లో ఇన్‌స్టంట్ కాఫీ ఎందుకు తాగుతారో నాకు బాగా తెలుసు. ఎనిమిదో తరగతిలో బడి మానేసి బట్టల కొట్లో గజంబద్ద పట్టుకున్నవాణ్ణి, సామర్లకోట స్టేషను దాటితే తూర్పేదో పడమరేదో తెలియనివాణ్ణి. నాకీ సంగతి ఎలా తెలిసిందని మీరు అడగొచ్చు. తెలిసింది. తెలియకపోయినా బాగుండేది. తెలిసిన పుణ్యానే మా ఇల్లు రెండయింది. ఇప్పటికీ పెద్దాపురం మెయిన్ రోడ్డులో నేను కనపడితే, 'కాఫీ కోసం అన్నతో వేరుపడ్డాడే, ఆయనే' అని పక్కవాడికి చూపించేవాళ్ళున్నారు. నవ్వుకుంటారు. నవ్వనివ్వండి. నేను కూడా ఊరందరి మీదా జోకులేసి బతికినవాణ్ణే, నా వంతు వచ్చినప్పుడు మొహం ముడుచుకుంటే బాగుండదు. కాకపోతే వాళ్ళు సగం విని నవ్వుతున్నారు. మిగతా సగం ఇన్నేళ్ళూ నేను ఎవరికీ చెప్పలేదు.

మాది బట్టల వ్యాపారం. నాన్న పోయాక కొట్టు అన్నయ్య చూసుకునేవాడు, ఇల్లు వదిన చూసుకునేది, వాళ్ళిద్దర్నీ చూస్తూ నేను కూర్చునేవాణ్ణి. అంటే పని లేదని కాదు. గిరాకీతో మాట్లాడ్డం నా పని. ఏ చీరా నచ్చక లేవబోయే ఆడవాళ్ళని నవ్వించి కూర్చోబెట్టి రెండు చీరలు కొనిపించి పంపేవాణ్ణి. అన్నయ్యకి నవ్వడం రాదు. అందుకని నా నవ్వు కొట్టుకి ఉపయోగపడేది. ఇంట్లో మాత్రం దాని వల్ల ఏ ఉపయోగమూ ఉండేది కాదు.

ఇంట్లో కాఫీ అంతా వదిన చేతిలో ఉండేది. తెల్లవారుతూనే ఇత్తడి ఫిల్టరులో పొడి దట్టించి, మరుగుతున్న నీళ్ళు పోసేది. ముందు దిగింది మొదటి డికాషన్. ఆ పిప్పి మీదే ఇంకోసారి నీళ్ళు పోస్తే దిగేది రెండోది. ఇది అందరిళ్ళలోనూ ఉన్నదే, ఇందులో వింతేమీ లేదు. మా ఇంట్లో వింత ఏమిటంటే, ఎవరికి ఏది అన్నది వచ్చిన మనిషి నోరు తెరవకముందే తేలిపోయేది. వీధిలో కారు ఆగితే మొదటి డికాషన్, వెండి గ్లాసు. రిక్షా బెల్లు వినపడితే అదీ ఇదీ కలిపి, స్టీలు గ్లాసు. బస్టాండు నుంచి నడిచొచ్చి గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటున్న చప్పుడయితే అచ్చంగా రెండోది, అందులోకి మీగడ తీసేసిన పాలు. వంటింట్లోంచి తల బయట పెట్టకుండానే, వీధి చప్పుడుని బట్టి మనిషిని తూచేసేది వదిన. ఇంత చెవి ఉన్న మనిషి సంగీతం నేర్చుకుని ఉంటే రేడియోలో వినేవాళ్ళం కదా అని నేననేవాణ్ణి. అందరూ నవ్వేవారు. వదిన కూడా నవ్వేది. జోకులేసేవాడి దౌర్భాగ్యం అదే. ఎంత కారం నూరి పెట్టినా పచ్చడి బాగుందంటారు.

మా మామగారు పెనుగొండలో ఒకరి కిరాణా కొట్లో గుమస్తా. నిడదవోలులో రైలెక్కి, సామర్లకోటలో దిగి, బస్సులో పెద్దాపురం వచ్చి, బస్టాండు నుంచి చేతిసంచీతో నడిచొచ్చేవారు. వస్తే అరుగు మీదే కూర్చునేవారు. లోపలికి రండి మామయ్యగారూ అంటే, ఇక్కడ గాలి బాగుందండి అనేవారు. మే నెలలో వడగాలి కొడుతున్నా అదే మాట. ఆయన కోసం లోపల్నించి వచ్చే గ్లాసు నేను చూస్తూండేవాణ్ణి. వరదల్లో కాలవ నీళ్ళ రంగు. ఆ గ్లాసు పట్టుకొచ్చేది ఎవరనుకున్నారు, మా ఆవిడే. వదిన కలిపిస్తుంది, కన్నతండ్రికి కూతురు పట్టుకెళ్ళి ఇవ్వాలి. వంటింట్లో మా ఆవిడ ఏ గిన్నె అయినా ముట్టుకోవచ్చు, ఎంత చాకిరీ అయినా చెయ్యొచ్చు, ఫిల్టరు మీద మాత్రం చెయ్యి వెయ్యడానికి లేదు. అది పెద్దకోడలి హక్కు.

మా ఆవిడ దీని మీద ఏనాడూ గొడవ పెట్టుకోలేదు. ఒక రోజు మాత్రం బట్టలు మడత పెడుతూ అంది.

"ఏమండీ, మా నాన్నని ఇంక రావద్దని ఓ కార్డు ముక్క రాసెయ్యండి. మనమే ఎప్పుడన్నా వెళ్ళి చూసొద్దాం."

కోపంగా అనలేదు, ఏడుస్తూనూ అనలేదు. రేపు ఏం కూర చెయ్యమంటారు అన్నట్టు అంది. అందుకే నాకు మండింది. తండ్రిని రావద్దనుకునే స్థితికి ఆ పిల్లని తెచ్చింది ఏ పెద్ద ఘోరమో అయితే, పోనీ అది ఘోరం అని పదిమందిలో చెప్పొచ్చు. గ్లాసులో రంగు తక్కువైందని ఎవరితో చెప్పేది? అన్నయ్యతో చెప్పి చూశాను. ఆడవాళ్ళ గొడవలు కొట్లోకి తేకు అన్నాడు. పొద్దున్నించి రాత్రి దాకా ఆడవాళ్ళ బేరాలతో బతికే కొట్లో కూర్చుని ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో చూడండి.

ఎనభైల మొదట్లో ఒక ఏడాది, మరిడమ్మ జాతర దగ్గర పడుతుండగా, వదిన తమ్ముడు ఇంగ్లండు నుంచి వచ్చాడు. అక్కడెక్కడో ఉత్తరాన చలి ఊళ్ళో ఆస్పత్రిలో డాక్టరు. నాకు బావ వరుస. మంచివాడు, ఏమీ గర్వం లేదు. పెట్టె తెరుస్తూనే ఒక కాఫీ డబ్బా బయటికి తీసి, నా కోసం మీరెవరూ శ్రమపడొద్దు, వేణ్ణీళ్ళుంటే చాలు, నాది నేనే కలుపుకుంటానన్నాడు వాళ్ళక్కతో. వదిన ఆ డబ్బా అతని చేతిలోంచి తీసుకుని, తిప్పి తిప్పి చూసి, తిన్నగా తీసుకెళ్ళి వెండి సామాను ఉన్న బీరువాలో పెట్టి తాళం వేసింది. పాపం ఆ డాక్టరు ఉన్నన్నాళ్ళూ వెండి గ్లాసులో మొదటి డికాషనే తాగాడు. తన డబ్బా తన కంటికి కనపడితే ఒట్టు.

ఒక సాయంత్రం డాబా మీద అతనూ నేనూ చాప వేసుకుని కూర్చున్నాం. నా నోరు ఊరుకోదు కదా.

"బావగారూ, నాకో అనుమానమండి. మన కొండలన్నీ నరికించి కాఫీ తోటలు వేయించినవాళ్ళు, ఓడలకెత్తి గింజలు పట్టుకుపోయినవాళ్ళు, ఇంట్లో ఈ బూడిద కలుపుకు తాగడం ఏంటండీ? మన గింజలు ఏం చేశారంటారు?"

అతను పడీ పడీ నవ్వి, ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. వాళ్ళు అసలు టీ మనుషులట. ఏ ఇంట్లో చూసినా ఒక కరెంటు కెటిలు ఉంటుందట, నీళ్ళు మరిగితే దానంతటదే ఆగిపోతుందట. టీకి కాగిన నీళ్ళే కాఫీకీ పనికిరావాలి తప్ప, కాఫీ కోసమని వేరే హంగామా పెట్టుకోరట. యుద్ధం రోజుల్లో సరుకు దొరక్క, సీసాల్లో అమ్మే చికోరీ పానకం తాగి తాగి అసలు కాఫీ రుచి మర్చిపోయారట. ఆ నోటికి ఈ పొడి వచ్చేసరికి అదే అమృతమయిందట. ఇప్పుడయితే టీవీలో ఒక ఆట అయి ఇంకో ఆట మొదలయ్యే లోపల లేచి వెళ్ళి కలుపుకుని వచ్చి కూర్చోవాలట, అంతకంటే ఎక్కువ టైము దానికి ఇవ్వరట. పైగా ఇంట్లో పనిమనుషులుండరు. పిప్పి ఎవరు పారబోస్తారు, ఫిల్టరు ఎవరు తోముతారు? మంచి కాఫీ కావాలని ఎప్పుడైనా బుద్ధి పుడితే బయటికి పోయి తాగుతారు, ఇంట్లో మాత్రం ఇదే.

వాళ్ళ ఆస్పత్రిలో కూడా అంతేనట. బల్ల మీద ఒక డబ్బా, ఒక చెంచా. పెద్ద డాక్టరు వచ్చినా తన కప్పులో తను ఒక చెంచా వేసుకుని, నీళ్ళు పోసుకుని, సీసాలోంచి చల్లటి పాలు వంపుకుంటాడు. తర్వాత గదులు ఊడ్చే ఆవిడ వచ్చి అదే డబ్బాలోంచి అదే చెంచాతో వేసుకుంటుంది.

నేను నవ్వుతూనే అడిగాను. "మరి రెండో డికాషన్ ఎవరికిస్తారండీ?"

అతనికి అర్థం కాలేదు. ఇంకోసారి అడిగితే నవ్వి అన్నాడు.

"ఇన్‌స్టంట్‌కి రెండో డికాషన్ ఎక్కడిది బావగారూ? మొత్తం కరిగిపోతుంది కదా. పిప్పే మిగలదు."

ఆ మాటకి నా ఒళ్ళంతా మండింది. మనల్ని అన్నేళ్ళు గుమ్మం బయట నిలబెట్టినవాళ్ళు వాళ్ళు. వాళ్ళలో ఎక్కువా తక్కువా లేవని కాదు, ఉండకుండా ఎలా ఉంటాయి, ఇంకెక్కడో దాచుకుని ఉంటారు. కానీ కాఫీలో లేవు. ఊడ్చే ఆవిడకి ఇచ్చిన గ్లాసు చూసి ఆమె కూతురు తల దించుకోనక్కర్లేదు. ఇక్కడ, ఒకే కులం మనుషులం, ఒకరింటి పిల్లని ఒకరు చేసుకున్నవాళ్ళం, వియ్యంకుడి వరుసలో ఉన్న మనిషికి పిప్పి నీళ్ళు పోస్తున్నాం.

కోపంలోంచే నాకో ఉపాయం తట్టింది. ఆ డబ్బాలోది ఇస్తే మామగారిని తక్కువ చెయ్యడానికి ఎవరికీ వీలుండదు కదా. చెంచా వేస్తే చెంచాడు కాఫీ, అంతే. మర్నాడు వదినని పట్టుకుని అడిగాను. జాతరకి మా మామగారిని పిలుద్దామనుకుంటున్నాను, ఆయన కూడా ఒకసారి ఆ సీమ కాఫీ రుచి చూస్తారు, ఒక్క చెంచా ఉంచమన్నాను. వదిన వెంటనే ఒప్పుకుంది.

"దానికేం భాగ్యం మరిదిగారూ. మీ మామగారికంటేనా? తప్పకుండా ఇద్దాం."

అంత సులువుగా అవుతుందని నేననుకోలేదు. మా ఆవిడకి చెబితే ముందు నమ్మలేదు. తర్వాత తనే కార్డు రాసింది, జాతరకి తప్పకుండా రా నాన్నా, ఇంగ్లండు కాఫీ ఇస్తారు అని. పెళ్ళయ్యాక తండ్రిని రమ్మని తను రాసిన కార్డు అదొక్కటే.

ఇక ఆ డబ్బా వైభవం ఏం చెప్పమంటారు. డాక్టరు రాజమండ్రి వెళ్ళి బంధువుల్ని చూసొచ్చే లోపల, ఊళ్ళో కారున్న ప్రతివాడూ మా ఇంటికి వచ్చిపోయాడు. వదిన బీరువా తాళం తీసి, డబ్బా బయటికి తెచ్చి, వాళ్ళకి కనపడేలా బల్ల మీద పెట్టి, మా తమ్ముడు తెచ్చిందండి అని చెప్పి, అప్పుడు కలిపేది. వేణ్ణీళ్ళలో కాదు, చిక్కటి పాలల్లో మరిగించి. ఆషాఢం వానల చెమ్మకి పొడి గడ్డకడితే, చెంచా కాడతో గీరి గీరి తీసేది. అక్కడ గదులు ఊడ్చే ఆవిడ నిలబడి తాగే కాఫీ, మా ఇంటికొచ్చి బీరువా ఎక్కి కూర్చుంది. ఇంగ్లీషువాళ్ళు చూస్తే వాళ్ళకే బుద్ధొచ్చేది, అరె, దీంట్లో కూడా ఎక్కువా తక్కువా పెట్టొచ్చునే అని.

జాతర రోజు ఇల్లంతా జనం. వీధిలో డప్పులు, నెత్తిన అమ్మవారి గరగలు ఎత్తుకుని ఆడేవాళ్ళు. వదిన పుట్టింటివాళ్ళు రైసుమిల్లువాళ్ళు, కార్లో దిగారు. హాల్లో కుర్చీలన్నీ వాళ్ళవే. డాక్టరు కూడా వాళ్ళ మధ్యే ఉన్నాడు. ఆ గోలలో మామగారు నడిచొచ్చి, కాళ్ళు కడుక్కుని, సంచీ పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. నేను గుర్తు చేద్దామని వంటింట్లోకి వెళ్ళాను. మా ఆవిడ పళ్ళెం పట్టుకుని అప్పటికే అక్కడ నిలబడి ఉంది.

డబ్బా గట్టు మీద మూత తీసి ఉంది. వదిన దాన్ని నా వైపు వంచి చూపించింది. లోపల ఏమీ లేదు, గోడలకి గోధుమరంగు చార అంటుకుని ఉంది. ఇందాకే మా వాళ్ళకి కలిపానండీ, అయిపోయింది అంది. అని, పొయ్యి మీద గిన్నెలోంచి వేణ్ణీళ్ళు ఆ డబ్బాలోకి పోసింది. మూత పెట్టింది. రెండు చేతులతో పట్టుకుని గిలకొట్టింది. ఆ నీళ్ళు స్టీలు గ్లాసులోకి వంచి, పాలు పోసి, పంచదార వేసి, మా ఆవిడ చేతిలోని పళ్ళెంలో పెట్టింది.

"ఇదీ ఈ డబ్బాలోదే కదా మరిదిగారూ. మీరడిగిందే."

గొంతు తగ్గించలేదు, దాచలేదు. ఆవిడ మొహంలో కుట్ర వెతికాను, దొరకలేదు. మాట నిలబెట్టుకున్నానన్న తృప్తి ఉంది. అదే నాకు ఈనాటికీ మింగుడు పడనిది. కావాలని చేసిన అవమానమైతే ఎప్పటికో అప్పటికి మర్చిపోదును. చదువుకున్న డాక్టరు కుదరదని చెప్పినదాన్ని ఆవిడ క్షణంలో చేసి చూపించింది. దేంట్లోంచయినా సరే, రెండో రకం తియ్యగలిగిన చెయ్యి అది.

నేను నోరు తెరిచేలోపల అరుగు మీంచి అమ్మాయీ అని పిలుపు వినపడింది. మా ఆవిడ అలవాటు కొద్దీ వెళ్ళిపోయింది. నేను వెనకాల పరిగెత్తినంత పని చేశాను. అప్పటికే గ్లాసు ఆయన చేతిలో ఉంది. ఉత్తరీయం కొంగు చుట్టి రెండు చేతులతో పట్టుకుని, ఇదేనా అమ్మా ఇంగ్లండుది అని అడిగారు. మా ఆవిడ తలూపింది. ఆయన కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగారు.

"చాలా బాగుందండీ. మహా తేలిగ్గా ఉంది. దొరల కాఫీ దొరల కాఫీయే."

హాల్లో ఉన్నవాళ్ళకి వినపడేలా అన్నారు. పైగా హాలు కిటికీ దగ్గరికొచ్చి, అప్పుడే అక్కడికి వచ్చిన వదినకి నమస్కారం పెట్టి, మీ చేతి చలవమ్మా అన్నారు. రైసుమిల్లువాళ్ళు మర్యాదగా తలలూపారు. డాక్టరు ఆ గ్లాసు రంగు చూశాడు. చూసి, వాళ్ళక్క వైపు చూశాడు. ఆ తర్వాత నా మొహం చూడకుండానే ఊరు వెళ్ళిపోయాడు.

సాయంత్రం బస్సుకి మామగారు వెళ్ళిపోయాక, కొట్లో అన్నయ్యతో చెప్పాను, వేరే వంట పెట్టుకుంటామని.

"కాఫీ కోసం వేరుపడతానంటావేంట్రా?"

"కాఫీ కోసం కాదన్నయ్యా. డబ్బా కడిగిన నీళ్ళ కోసం."

"అదీ కాఫీయేగా. ఆయన బాగుందన్నాడటగా."

ఇంట్లో వదిన ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది, అడిగింది ఇచ్చాను కదా, కాదనలేదు కదా అని. పెద్దమనుషులు ఇద్దరు వచ్చి కూర్చుని ఏం జరిగిందో చెప్పమన్నారు. చెబుదామని నోటి దాకా వచ్చింది. మా ఆవిడ తలుపు చాటునుంచి నా వంక చూసింది. పెద్దమనుషులకి చెబితే సంతలో చెప్పినట్టే. మామిడి తాండ్ర కొనడానికి వచ్చినవాడి నోట్లో పడి పెనుగొండ చేరుతుంది. దొరల కాఫీ తాగానని అక్కడ పదిమందికి చెప్పుకుంటున్న మనిషి చెవిన పడుతుంది. నేను నవ్వేసి, మా ఆవిడ చేతి కాఫీ తాగాలని ఉందండీ, అంతే అన్నాను. వాళ్ళూ నవ్వేశారు. ఊరు నవ్వుతున్నది ఆ మాటకే.

వెనకవీధిలో పెంకుటింట్లో రెండు గదుల వాటా తీసుకున్నాం. మా ఆవిడ అన్నింటికంటే ముందు ఫిల్టరు కొంది. బియ్యం డబ్బా తర్వాత వచ్చింది. నాన్న వస్తే ఎలా కలపాలో, ఏ గ్లాసులో ఇవ్వాలో రోజూ అనుకునేది. ఎప్పుడొస్తారో తెలియదు కనక, రోజూ పొద్దున్న మొదటి డికాషన్ కొంచెం తీసి విడిగా ఉంచేది. సాయంత్రానికి అది మేం తాగేవాళ్ళం.

వేరుపడ్డ కబురు తెలిసి ఆయన ఒక రోజు వచ్చారు. ముందు మా ఇంటికి రాలేదు. మర్యాద కదా, పెద్దింటికి వెళ్ళి, వాళ్ళతో మాట్లాడి, ఆ తర్వాత మా వాటా వెతుక్కుంటూ వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"తప్పండి అల్లుడుగారూ. నాలాంటివాడు వస్తే, బీరువాలోంచి సీమ కాఫీ తీసి ఇచ్చిన ఇల్లండి అది. తల్లి లాంటి వదినగారండి. అలాంటావిడని కాదని వచ్చేశారంటే, మా అమ్మాయే ఏదో పుల్ల పెట్టి ఉంటుంది."

మీ అమ్మాయి తప్పేం లేదండీ మామయ్యగారూ, అంతా నేనే చేశాను, తను వద్దంటున్నా వినలేదు అని చెప్పాను. ఒట్టు కూడా వేశాను.

"మీరు సరదా మనిషండి. మా అమ్మాయిని వెనకేసుకొస్తున్నారు."

ఇంత కాలం ఊరందర్నీ నవ్వించి నేను సంపాదించుకున్నది అదీ. నిజం చెబితే నమ్మే మనిషి లేడు, చెప్పగలిగిన నిజమా సగమే.

ఆయన కూతురి వైపు తిరిగి, నీ పెంపకం ఇలా అయిందంటే నన్నే అంటారు కదమ్మా, నేను ఏ మొహం పెట్టుకుని ఆ అరుగెక్కను అన్నారు. మా ఆవిడ లోపలికి వెళ్ళి పంపు స్టవ్ గట్టిగా కొట్టి వెలిగించింది. పాలు కాచి, విడిగా ఉంచిన డికాషన్ పోసి, పొగలు కక్కుతున్న గ్లాసు తెచ్చి ఆయన ముందు స్టూలు మీద పెట్టింది.

"ఇప్పుడే అక్కడ ఇచ్చారమ్మా. మళ్ళీ ఎందుకు, వద్దు."

అక్కడ ఏమిచ్చి ఉంటారో మా ఇద్దరికీ తెలుసు. మా ఆవిడ గ్లాసు తియ్యలేదు. అలాగే నేల మీద కూర్చుని ఆయన మాటలు వింది. ఆయన మా వదిన మంచితనం గురించి చెబుతూనే ఉన్నారు. గ్లాసులో మీగడ కట్టింది. ఇంకొంచెంసేపు అక్కడుంటే ఏమంటానో నాకే తెలియక, లేచి కొట్టుకి వచ్చేశాను.

అన్నయ్య గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. మీ మామగారు వచ్చారటగా, కులాసాయేనా అని అడిగాడు.

"కులాసాయే. మీ ఇంట్లో కాఫీ చాలా బాగుందన్నారు," అన్నాను.

అన్నయ్య నిజంగానే సంతోషించాడు. భోజనానికి వెళ్ళినప్పుడు వదినకి చెబుతానన్నాడు.